వాళ్ళ నాన్నకి పిచ్చట!

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ముగిసి ఏళ్ళు గడిచినా, దాని ఆఖరి సీజన్ మీద తగువు మాత్రం ముగియలేదు. 2022లో హౌస్ ఆఫ్ ది డ్రాగన్ మొదలయ్యాక కాలేజీ పిల్లలు పాత సీరియల్‌ని మళ్ళీ మొదటినుంచీ పట్టుకున్నారు. వాళ్ళు ఎనిమిదో సీజన్ దాకా వచ్చేసరికి ఇంట్లో మళ్ళీ అదే రభస. ఆ రభసలో రెండు పక్షాలవాళ్ళూ తేలిగ్గా ఒప్పేసుకునే మాట ఒకటుంది. "డెనెరిస్ అలా తయారవడంలో వింతేముంది, వాళ్ళ నాన్నకి పిచ్చి కదా!" అని. నా పేచీ అంతా ఆ ఒక్క మాటతోనే.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. వెస్టరోస్ అనే రాజ్యాన్ని టార్గేరియన్ వంశం దాదాపు మూడువందల ఏళ్ళు ఏలింది. వాళ్ళలో ఆఖరి రాజు ఏరిస్‌ని జనం పిచ్చిరాజు అనేవాళ్ళు. మనుషుల్ని బతికుండగానే కాల్పించేవాడు. తిరుగుబాటులో అతన్ని చంపేనాటికి డెనెరిస్ ఇంకా తల్లి కడుపులో ఉంది. తండ్రి మొహం ఎరగదు. తనని కంటూ తల్లి పోయింది. పరాయి దేశాల్లో అన్న చేత తన్నులు తింటూ పెరిగింది. ఆ అన్నే సైన్యం కోసం ఆమెని ఒక గుర్రాల తెగ నాయకుడికి అమ్మినట్టుగా కట్టబెట్టాడు. అలాంటి పిల్ల మూడు డ్రాగన్లని పెంచి, బానిసల సంకెళ్ళు తెంపించి, ఏడు సీజన్లపాటు అందరూ మెచ్చే రాణిగా ఎదిగింది. ఎనిమిదో సీజన్ ఐదో భాగంలో, శత్రువుల రాజధాని లొంగిపోయి గంటలు మోగించాక కూడా, ఊరు ఊరంతా డ్రాగన్ మంటల్లో తగలబెట్టేసింది. ఆరో భాగంలో, ఆమె ప్రేమించిన జాన్ స్నోయే ముద్దు పెట్టుకుంటూ ఆమె గుండెల్లో కత్తి దించాడు. అక్కడితో ఆవిడ కథ సరి.

ఆ ఆఖరి భాగం మన దగ్గర 2019 మే 20, సోమవారం పొద్దున్న ఆరున్నరకి హాట్‌స్టార్‌లో వచ్చింది. అంతకుముందు సాయంత్రమే ఎన్నికల ఆఖరి విడత పోలింగ్ అయిపోయి ఎగ్జిట్ పోల్స్ మొదలయ్యాయి. టీవీలో ఒక సింహాసనం గోల, ఫోన్లో ఇంకో సింహాసనం గోల! అమెరికాలో ఆ ఒక్క రాత్రే కోటీ తొంభైమూడు లక్షలమంది చూశారని లెక్క. చూసినవాళ్ళు ఊరుకోలేదు. చేతనైన రచయితలతో ఎనిమిదో సీజన్ మొత్తం మళ్ళీ తీయాలని ఇంటర్నెట్‌లో తిరిగిన పిటిషన్ మీద పదిహేను లక్షలకి పైగా సంతకాలు పడ్డాయి. సాన్సా వేషం వేసిన సోఫీ టర్నర్, అది సీరియల్ కోసం కష్టపడినవాళ్ళని అగౌరవపరచడమేనంది. నాలుగో భాగంలో డెనెరిస్ ముందు బల్ల మీద మరిచిపోయిన కాఫీ కప్పు కొన్నాళ్ళు ఊరంతా తిరిగింది. హెచ్‌బీఓ వాళ్ళు దాన్ని రెండురోజుల్లో చెరిపేశారనుకునేలోపు, ఆఖరి భాగంలో ఒకాయన కాలి పక్కన నీళ్ళ సీసా దొరికింది.

ఇంకో రకం వేళాకోళం కూడా నడిచింది. డెనెరిస్ మీద అభిమానంతో కూతుళ్ళకి ఖలీసీ అని పేరు పెట్టుకున్న తల్లులు అమెరికాలో చాలామందే ఉన్నారు. 2018 ఒక్క ఏడాదిలోనే అలాంటి పాపలు ఐదువందలకి పైగా పుట్టారు. నిజానికి అది పేరు కూడా కాదు, తెగ నాయకుడి భార్యని పిలిచే బిరుదు. మనం ఆడపిల్లకి రాణి అని పెట్టుకున్నట్టే అనుకోండి. ఊరు తగలబడిన మర్నాటినుంచీ ఆ తల్లుల్ని పట్టుకుని నవ్వినవాళ్ళు నవ్వినట్టే ఉన్నారు. "ఇప్పుడేం చేస్తారు, మీ పిల్ల కూడా పెద్దయ్యాక ఊళ్ళు కాలుస్తుందేమో" అని. నాకు ఆ తల్లుల్లో తప్పేమీ కనపడలేదు. దెబ్బలు తిన్న పిల్ల లేచి నిలబడటం చూసి మురిసి ఆ పేరు పెట్టుకున్నారు. కథ చెప్పినవాళ్ళు ఏడు సీజన్లపాటు అలాగే మురవమన్నారు మరి.

ఈ గోలలో సగం సరదా, సగం న్యాయమైన కోపం. మొదటి ఆరు సీజన్లకి పదేసి భాగాలు, ఏడో దానికి ఏడు, ఎనిమిదో దానికి ఆరంటే ఆరు. ఇంకా తీస్తామన్నా తమకి అభ్యంతరం లేదని హెచ్‌బీఓ వాళ్ళే అన్నారు. నిర్మాతలు బెనియాఫ్, వైస్ ఇద్దరూ ఇక చాలనుకున్నారు. ముగించే హక్కు వాళ్ళదే. మంచిరాణిని చెడ్డరాణిని చేసే హక్కు కూడా వాళ్ళదే, అందులో నాకేమీ అభ్యంతరం లేదు. విడిపించడానికి వచ్చిన మనిషి నెత్తికెక్కి కూర్చోవడం లోకంలో కొత్త కథేమీ కాదు. పిటిషన్ మీద సంతకం చెయ్యాలన్న ఉబలాటం కూడా నాకెప్పుడూ కలగలేదు. కానీ మనిషి అంతలా మారినప్పుడు ఎందుకు మారిందో చెప్పాలి కదండీ. ఆ చెప్పాల్సిన చోట వాళ్ళ నాన్నని తెచ్చి నిలబెట్టారు.

టార్గేరియన్ల ఇంట బిడ్డ పుట్టినప్పుడల్లా దేవుళ్ళు నాణెం ఎగరేస్తారనీ, ఒక వైపు పడితే గొప్పవాళ్ళు, రెండోవైపు పడితే పిచ్చివాళ్ళనీ ఆ సీరియల్‌లో ఒక నానుడి ఉంది. ఎనిమిదో సీజన్లో మంత్రి వేరిస్ నోట అదే మాట మళ్ళీ పలికించారు. ముగింపుని వెనకేసుకొచ్చే ప్రేక్షకులు దాన్నే పట్టుకున్నారు. "మొదటినుంచీ సూచనలున్నాయి, మీరే గమనించలేదు" అని జాబితా చదువుతారు. మెరీన్‌లో దొరల్ని శిలువలకి కొట్టించలేదా? లొంగనన్న టార్లీ తండ్రీకొడుకుల్ని కాల్చేయలేదా? అంతా ఆ రక్తంలో ఉన్నదే అని.

సరే, ఆ జాబితా కొలతతోనే మిగతావాళ్ళని కూడా కొలుద్దాం. మెరీన్ దొరలు 163 మంది బానిస పిల్లల్ని శిలువలకి కొట్టి దారి పొడవునా నిలబెట్టాక, అంతమంది దొరలకీ ఆమె అదే శిక్ష వేసింది. క్రూరమే, కాదనను. ఆర్యా ఏం చేసింది? అన్ననీ తల్లినీ చంపించిన ముసలాడికి అతని కొడుకుల్నే కోసి కూరి వండి తినిపించింది. దానికి ప్రేక్షకులు లేచి చప్పట్లు కొట్టారు, ఆ పిల్ల ఆఖర్న ఓడెక్కి కొత్త దేశాలు చూడ్డానికి హాయిగా వెళ్ళిపోయింది. స్టానిస్ సింహాసనం కోసం కన్నకూతుర్ని మంటల్లో వేయించాడు. అప్పుడెవరూ అతని వంశవృక్షం తియ్యలేదు. జాన్ స్నో తనని పొడిచినవాళ్ళతో పాటు ఓ కుర్రాణ్ణి కూడా ఉరితీయించాడు. టిరియన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. శత్రువుల ఓడల్ని మనుషులతో సహా ఆకుపచ్చ మంటల్లో కాల్చాడు, ప్రేమించిన మనిషిని గొంతు నులిమి చంపాడు, కన్నతండ్రిని మరుగుదొడ్డిలో బాణం వేసి చంపాడు. అలాంటాయన ఆఖరి భాగంలో కొత్త రాజుని ఎంచి, మళ్ళీ మంత్రి పదవిలో కూర్చున్నాడు. వీళ్ళందరూ చేసినవి పరిస్థితులు చేయించిన పనులట. ఆవిడ చేసినవి మాత్రం వాళ్ళ నాన్న పిచ్చికి సూచనలట!

ఇంకో సంగతి. జాన్ స్నో ఎవరు? డెనెరిస్ పెద్దన్న రేగార్ కొడుకు, అంటే ఆ పిచ్చిరాజుకి స్వయానా మనవడు. డెనెరిస్ అతనికి మేనత్త. (మేనమామని చేసుకోవడం మన పాతతరంలో చూశాం గానీ, మేనత్తతో ప్రేమ అనేసరికి మా ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ కట్టేయమన్నారు. ఆ గొడవ వేరే.) వాళ్ళకిద్దరికీ ఒకటే రక్తం. ఆ రక్తం జాన్ దగ్గరికొచ్చేసరికి సింహాసనానికి అర్హత అయింది, డెనెరిస్ దగ్గరికొచ్చేసరికి రోగం అయింది. వేరిస్ కూడా అతన్ని రాజుని చేద్దామన్నప్పుడు అదే వంశంలో మగవారసుడన్నది ఒక కారణంగా చెప్తాడు. "అతనికి తల్లివైపునుంచి స్టార్క్ రక్తం కూడా ఉంది కదా" అంటారు కొందరు. ఈ తర్కం మనకి తెలియనిదా? పిల్లాడికి మార్కులొస్తే అటు పోలిక, మొండిచేస్తే ఇటు పోలిక. కావలసినవైపుకి ఒరిగే త్రాసు అది.

పైగా అదే వంశంలో మేస్టర్ ఎమన్ అనే పెద్దాయన ఉన్నాడు. రాజ్యం ఇస్తామంటే వద్దని, మంచుగోడ దగ్గర చదువూ వైద్యమూ చూసుకుంటూ, కళ్ళు పోయినా బుద్ధి పోకుండా నిండునూరేళ్ళూ బతికి మంచం మీద పోయాడు. ఆ సీరియల్ మొత్తంలో అంత నిదానస్తుడు ఇంకొకడు లేడు. ఆయనా టార్గేరియనే. మరి ఆయన రక్తం డెనెరిస్‌లో ఎందుకు లేకపోయింది? హిరణ్యకశిపుడి ఇంట ప్రహ్లాదుడు పుట్టాడని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన మనం, ఆ నాణెం మాటని అంత తేలిగ్గా ఎలా మింగేశామా అని నాకు ఆశ్చర్యం.

అసలు కారణాలు ఆ సీజన్లోనే కళ్ళముందున్నాయి. ఒక డ్రాగన్ ఏడో సీజన్లోనే పోయింది, రెండోది నాలుగో భాగంలో పోయింది. తండ్రిలా వెన్నంటి ఉన్న జోరా మూడో భాగంలో ఆమె కోసమే ప్రాణం విడిచాడు. చెల్లెల్లాంటి మిస్సాండే తల ఆమె కళ్ళముందే తెగిపడింది. ప్రేమించినవాడు బంధుత్వం తెలిసి దూరం జరిగాడు. సలహాదారులు చాటున కూర్చుని కొత్త రాజుని వెతుకుతున్నారు. ఐదో భాగం మొదట్లో ఒక చిన్న సన్నివేశం ఉంది. వంటింట్లో పనిచేసే చిన్నపిల్ల వచ్చి వేరిస్‌తో, ఆవిడ ఏమీ తినడం లేదని చెప్తుంది. ఆయన రాత్రి భోజనానికి మళ్ళీ చూద్దాంలే అంటాడు. ఆయన బెంగ ఆవిడ ఆకలి గురించి కాదు, పంపిస్తున్న తిండిలో ఏదో కలుపుతున్నారని మనకి అర్థమవుతుంది. వంటింట్లో రోజూ నిలబడేదాన్ని, నాకు ఆ సీజన్ మొత్తంలో ఒళ్ళు జలదరించింది అక్కడే. మన ఇళ్ళల్లో మనిషి ఒక్కపూట కంచం ముందుకి రాకపోతే ఏమైందని అడుగుతాం. ఆవిడ రోజుల తరబడి జుట్టు దువ్వుకోకుండా, తిండి మానేసి చీకటిగదిలో కూర్చుంటే, ఆ కోటలో ఉన్న తెలివైన మగవాళ్ళంతా మాట్లాడుకున్నది ఆవిడని ఎలా తప్పించాలన్న దాని గురించి.

ఈ కారణాల మీద ఇంకో నాలుగు భాగాలు నడిపి ఉంటే, ఆ ఊరు కాలినప్పుడు మనకి ఏడుపూ కోపమూ రెండూ వచ్చేవి. అప్పుడు కూడా తప్పు ఆవిడదే అయ్యేది. పిల్లాజెల్లా ఉన్న ఊరిని తగలబెట్టడానికి ఏ దుఃఖమూ సాకు కాదు. కానీ అది ఆవిడ చేసిన తప్పు అయ్యేది. ఇప్పుడది వాళ్ళ నాన్న తప్పయి కూర్చుంది. శిక్ష మాత్రం ఆవిడకి పడింది.

ఇంతా చేసి ఆఖరి భాగంలో ఏం చెప్పారో చూడండి. పెద్దలంతా కూర్చుని రాజుని ఎన్నుకుంటారు. అందరినీ అడిగి చేద్దామని శామ్ అంటే ఘొల్లున నవ్వుతారు. (మనం అప్పుడే ఓట్లేసి లెక్కింపు కోసం ఎదురుచూస్తున్నాం, మనకి ఆ నవ్వు రుచించలేదు.) అప్పుడు టిరియన్ లేచి బ్రాన్ పేరు చెప్తాడు. బ్రాన్‌కి పిల్లలు పుట్టరు, అదే మంచిదంటాడు. రాజుల కొడుకులు క్రూరులూ మూర్ఖులూ కావచ్చు గనక, ఇకమీదట రాజు పుట్టుకతో రాడు, ఎన్నికతో వస్తాడంటాడు. అంటే పుట్టుకని బట్టి మనిషిని నిర్ణయించకూడదన్నది ఆ సీరియల్ చెప్పిన ఆఖరి నీతి! ఆ నీతి అరగంట ముందు గుర్తొచ్చుంటే ఆ పిల్లని వాళ్ళ నాన్నతో కొలిచేవాళ్ళు కాదుగా? ఆ సీజన్‌కి ఉత్తమ డ్రామాతో కలిపి 12 ఎమ్మీలిచ్చారు. మంటలూ యుద్ధాలూ బాగానే తీశారు, ఇచ్చుకోనివ్వండి. తర్కానికి ఎమ్మీ లేదు కాబట్టి సరిపోయింది.

"సీరియలే కదమ్మా, దీనికింత ఆవేశమెందుకు" అనేవాళ్ళకి ఒక సంగతి చెప్తాను. మా బంధువుల్లో ఒకమ్మాయి ఉంది. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు రెండేళ్ళు మానసిక వైద్యుడి దగ్గర మందులు వాడారు, తర్వాత బాగానే ఉన్నారు. ఆ పిల్లకి ఒక సంబంధం నిశ్చయ తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. "వాళ్ళ నాన్నకి పిచ్చట" అని ఎవరో చేరవేశారు. అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడాలంటారుగా, చూశారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత కూడా చెప్పి వెళ్ళారు. ఆ పిల్లకి ఒక అన్న ఉన్నాడు. అతనికి అంతకుముందే పెళ్ళయింది. ఆ పెళ్ళిలో ఈ మాట ఎవరూ అడగలేదు, అడిగినవాళ్ళకి కూడా అది అడ్డం కాలేదు. తండ్రి ఒకడే, అన్నకి అడ్డురాని రక్తం చెల్లెలికి అడ్డొచ్చింది. జాన్‌కీ డెనెరిస్‌కీ జరిగింది మా ఇంటి పక్కన ముందే జరిగిందన్నమాట.

అంతకన్నా నన్ను బాధపెట్టేది తర్వాతి సంగతి. తర్వాత వేరే సంబంధం కుదిరి ఆ పిల్లకి పెళ్ళయింది. కానీ ఇప్పుడు ఆమె గొంతు పెంచదు. ఆడబడుచు మాట తూలినా, పనిమనిషి చెప్పకుండా నాలుగురోజులు మానేసినా, తోడికోడలు నగ అడిగి తిరిగివ్వకపోయినా నవ్వి ఊరుకుంటుంది. "ఎంత ఓర్పో" అని అందరూ మెచ్చుకుంటారు. ఒకసారి నాతో అంది, "అక్కా, మీరు కోప్పడితే కోపం వచ్చిందంటారు. నేను కోప్పడితే బయటపడిందంటారు" అని. దీనికి ఏం జవాబు చెప్తాం? ఆ సీరియల్ ముగింపుని సమర్థిస్తూ "సూచనలు మొదటినుంచీ ఉన్నాయి" అని నాకు వివరించినవాళ్ళలో ఆమెని చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళు కూడా ఉన్నారు.

వైద్యం సంగతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే "సైన్స్ కూడా అదే అంటుంది కదా" అనే మేధావి ఒకాయన ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. కొన్ని మానసిక జబ్బులకి వంశంలో కొంత మొగ్గు ఉండే మాట నిజమే. స్కిజోఫ్రీనియా లాంటి పెద్ద జబ్బునే తీసుకున్నా, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో వచ్చేది సుమారు పదిమందిలో ఒకరికి. మిగతా తొమ్మిదిమందికీ రాదు. వచ్చిన ఆ ఒక్కరికీ మందులున్నాయి, మనుషులుంటే బతుకూ ఉంది. నాణెం ఎగరేస్తే సగం సగం, ఇక్కడ సగానికి దగ్గరగా కూడా లేదు. ఇంకా ముఖ్యం, జబ్బు వేరు, దుర్మార్గం వేరు. జబ్బున్నవాళ్ళు ఊళ్ళు తగలబెట్టరు. మందులేసుకుని, పిల్లల్ని స్కూలుకి పంపి, మనలాగే కరెంటు బిల్లు కడతారు.

అందుకే ఆ ఆఖరి సీజన్ మీద మళ్ళీ తగువు వచ్చినప్పుడు కాఫీ కప్పు దగ్గర ఆగిపోకండి. ఎవరైనా వాళ్ళ నాన్న పేరెత్తితే వదలకండి. జాన్ సంగతేమిటి, మేస్టర్ ఎమన్ సంగతేమిటి అని అడగండి. ఆవిడ చేసిన పనికి ఆవిడని తిట్టండి, నేనూ తిడతాను. ఆవిడకి జరిగినదాన్ని కూడా లెక్కలో వెయ్యండి. తండ్రిని మాత్రం ఆయన మానాన వదిలేయండి. పిల్లలు వింటూ ఉంటారు. టీవీ ముందు ఒప్పుకున్న మాటనే రేపు పెళ్ళిచూపుల్లో కూర్చుని వల్లిస్తారు. అప్పుడు అవతల తలొంచుకుని కూర్చునేది డ్రాగన్ల రాణి కాదు, ఎవరి ఇంటి పిల్లో, మన పిల్లే కావచ్చు.